తీసేసిన మూడు వాక్యాలు

మంగళవారం పొద్దున పదకొండూ నలభైకి ప్రెస్సాయన కుర్చీలోంచి సగం లేచి, రెండు చేతులూ కీబోర్డుకి దూరంగా గాల్లో పట్టుకుని, "అక్కా, ఒకసారి ఇటు రాగలరా" అన్నాడు.

గొంతు పెంచలేదు. కానీ పచ్చి రంగు అంటిన చేతులు చొక్కాకి తగలకుండా పట్టుకున్నవాడిలా నిలబడిపోయిన ఆ మనిషిని చూడగానే అక్క తన టీ కప్పు బల్లమీద పెట్టేసి లేచింది.

"తర్వాత ఇంకేమీ ముట్టుకోలేదుగా?"

"లేదు. అదిగో, అది కనబడ్డ దగ్గర్నుంచీ చేతులు ఇలాగే ఉన్నాయి."

తెర అడుగున ఒక్కటే వాక్యం ఉంది. 1140 నమోదులు తొలగించబడినవి.

"పన్నెండో పదిహేనో పోతాయనుకున్నాను," అన్నాడాయన. "పోయిన నెలలో రాకుండా ఎగ్గొట్టినవాళ్ళవి. అంతేగా ఉండాలి?"

అంతే ఉండాలి. ఒక ఆస్పత్రిలో మూత్రపిండాల విభాగం ఉంది. అక్కడ ఏ రోగి ఏ రోజు, ఏ గంటకి, ఏ కుర్చీలో కూర్చుని రక్తం శుద్ధి చేయించుకోవాలో నమోదు చేసే ప్రోగ్రాము ఈ ఆఫీసువాళ్ళు రాసిందే. బాగోగులు చూసేదీ వీళ్ళే. ఇప్పుడు ఆ పట్టికలో ఈ మధ్యాహ్నం నుంచి వచ్చే నెలాఖరు దాకా ఉన్న వేళలన్నీ ఖాళీ అయిపోయాయి.

"ఎక్కణ్ణుంచి తీసుకున్నారు ఈ లైన్లు?"

"మీ నోట్సులోంచే అక్కా." ఆయన తెరమీద ఇంకో కిటికీ తెరిచి చూపించాడు. "నేనొక్క అక్షరం మార్చలేదు."

అక్క వంగి చదివింది. పైన నీలం పట్టీలో 'విజ్ఞాన భాండాగారం' అని పెద్ద అక్షరాలు. అక్క ఏళ్ళ తరబడి రాసుకున్న నోట్సుని పోయిన నెలలో దిద్దించి, ఆఫీసంతా వాడుకోవడానికి పెట్టిన చోటు అది. దాని కింద శీర్షిక: ఖాయం కాని అపాయింట్‌మెంట్ల తొలగింపు. రోగి వచ్చి కుర్చీలో కూర్చుంటేనే ఖాయమైనట్టు, రాబోయేవన్నీ ఖాయం కాని లెక్కే. దాని కింద కాపీ చేసుకోవడానికి రెండు లైన్ల కోడు. అంతే. ఆమె రాసినప్పుడు అవి మూడు లైన్లు. మూడో లైనులో తేదీ ఉండవలసిన చోట ఖాళీ వదిలింది. ఖాళీ నింపకపోతే కోడు నడవదు, తప్పని చెప్పి ఆగిపోతుంది. కావాలనే అలా వదిలింది. కింద మూడు వాక్యాలు కూడా రాసింది. "తేదీ వేశావా? వెయ్యకపోతే ఇది పాతవాటితో ఆగదు, రేపటివాటిని కూడా ఊడ్చేస్తుంది. ముందు ఎన్ని ఉన్నాయో లెక్క చూడు, తర్వాత చీపురు పట్టు."

ఖాళీ లేదు. చీపురూ లేదు.

ఆమె అడగకుండానే ఆయనకి అర్థమైంది. ఇరవై ఆరేళ్ళు అచ్చాఫీసులో అక్షరాలు కూర్చినవాడు. అది మూతపడ్డాక యాభై దాటిన వయసులో ఈ పని నేర్చుకుని, ఆరు నెలల పరీక్షాకాలం మీద చేరాడు. అక్క కంటే ఆరేళ్ళు పెద్ద. అయినా ఆఫీసంతా పిలిచినట్టే ఆయనా ఆమెని అక్కా అంటాడు. ఆమె ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది. ఆ వరస ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు.

"ఏదో పోయింది కదా ఇందులో," అన్నాడు మెల్లగా.

"పోయింది. తర్వాత చూద్దాం. ముందు ఫోను ఇలా ఇవ్వండి."

ఆస్పత్రి కౌంటర్లో కూర్చునే ఆవిడ రెండో రింగుకే ఎత్తింది. "నా స్క్రీను మీద ఒక్క పేరూ లేదు. నేనే ఏదో నొక్కేశాననుకుని ఒళ్ళు చల్లబడిపోయింది," అంది.

"మీరేం నొక్కలేదు. తప్పు మాది. పొద్దున అచ్చు తీసిన కాగితం ఉందిగా, దాన్ని బట్టి కూర్చోబెట్టండి. ఎవర్నీ వెనక్కి పంపొద్దు."

అప్పటికి మేనేజరు వచ్చాడు. ముప్ఫై ఆరేళ్ళవాడు, నడుస్తూ ఫోనులో మాట్లాడుతూ, ఆ ఫోను చెవికి ఉండగానే రెండో మాట మొదలుపెట్టే అలవాటున్నవాడు. పని ఉన్నప్పుడు ఆమెని అక్కా అంటాడు, కోపం వచ్చినప్పుడు మేడమ్ అంటాడు.

"ఎవరు కొట్టారు, మేడమ్?"

ఏం పోయిందని అడగలేదు. అక్క ఆ సంగతి గమనించింది కానీ, తల తిప్పకుండా, తెల్లవారుజామున తీసిన నకలు ఎక్కడుందో వెతుకుతూనే ఉంది. "నకలు పెడుతున్నా. ఒంటిగంటంపావుకి లేస్తుంది."

లేచింది కూడా. కానీ నకలు తెల్లవారుజామున తీసింది. కౌంటరు తెరిచిన ఎనిమిది నుంచి పదకొండూ నలభై దాకా ఆవిడ చేసిన మార్పులు అరవై ఒకటని లెక్కొక్కటే మిగిలింది. అవి ఎక్కడా లేవు. ఆవిడ బుర్రలో తప్ప.

*

బుధవారం పొద్దున్నే అక్కా ప్రెస్సాయనా ఆస్పత్రికి వెళ్ళారు. రమ్మని ఎవరూ అనలేదు. మేనేజరు వద్దనే అన్నాడు. "ఫోన్లో కానిచ్చేయండి. మనిషి వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టుంటుంది."

"ఒప్పుకున్నాను కదా, నిన్ననే," అని అక్క సంచీ భుజానికి తగిలించుకుంది.

కౌంటరావిడ పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆవిడ ఫోనులో నిన్న పొద్దున వచ్చిన కాల్స్ వరసగా ఉన్నాయి. ఒక్కొక్క నంబరు చూసి ఆవిడ కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంటుంది. "ఈయన శనివారం పొద్దున్నది సాయంత్రానికి మార్చమన్నాడు. ఇది వాళ్ళ కోడలు, ఊరికే సమయం కనుక్కుంది. ఇది మా చెల్లెలు, వదిలెయ్యండి." ప్రెస్సాయన కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాస్తాడు, రాసింది పైకి చదువుతాడు, ఆవిడ ఊఁ అంటే అక్క ఎక్కిస్తుంది. గంటకి పద్దెనిమిది అయ్యాయి.

పది దాటాక ఒక పెద్దావిడ వచ్చి కౌంటరు అంచు పట్టుకుంది. పాదాలు వాచి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. నిన్న పొద్దున ఫోను చేసి గురువారం వేళ బుధవారానికి మార్పించుకుంది. ఆ మార్పు పోయిన అరవై ఒకటిలో ఒకటి. ఇంకా ఆ నంబరు దాకా రాలేదు వీళ్ళు. ఆవిడ కుర్చీలో ఇంకొకాయన అరగంట కిందటే కూర్చున్నాడు, చేతికి సూదులు కూడా ఎక్కాయి.

"రేపు రామ్మా అంటే ఎలా వస్తాను? మా అబ్బాయికి ఇవాళే సెలవు," అంది పెద్దావిడ. కోపం కూడా లేదు గొంతులో, ఊపిరి సరిపోక.

కౌంటరావిడ వీళ్ళ వంక చూసింది. ఆ చూపు కింద ప్రెస్సాయన లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీ వేళ చెరిపింది నేను," అన్నాడు.

పెద్దావిడకి అర్థం కాలేదు. "నువ్వెవరు నాయనా, డాక్టరువా?"

"కాదమ్మా."

"మరి నువ్వేం చేస్తావులే, కూర్చో," అని ఆవిడే ఆయన కుర్చీ వంక చెయ్యి చూపింది. ఆయన కూర్చోలేదు. ఆవిణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఖాళీ అయ్యే కుర్చీ కోసం నర్సుల చుట్టూ తిరిగాడు. నాలుగు గంటల తర్వాత దొరికింది. ఆ నాలుగు గంటలూ ఆయన నిలబడే రాశాడు.

తిరిగి వస్తుంటే బస్సులో అన్నాడు: "రేపు నన్ను పంపేస్తారనుకుంటా. మేనేజరుగారు ఫోను చేశారు. నివేదికలో నా నిర్లక్ష్యం అని రాశారట."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? ప్రెస్సులో తప్పు పడితే కూర్చినవాడిదే. అచ్చుకెళ్ళే ప్రతి కాగితం మీద వాడి నంబరుంటుంది." కొంచెం ఆగి, "కాకపోతే, అక్కడ ప్రూఫు చూసినవాడి నంబరు కూడా ఉండేది," అన్నాడు.



ఇంటికి వెళ్ళాక అక్క భర్తతో చెప్పింది. ఆయన ఇరవై ఏళ్ళుగా బస్సు నడుపుతున్నాడు. బనీనుతో కూర్చుని, రేపటి యూనిఫాం చొక్కాకి బొత్తాం కుట్టుకుంటూ విన్నాడు.

"బ్రేకులు పట్టట్లేదని నెల్నాళ్ళ నుంచి రాసిస్తున్నా, గుద్దినరోజు ముందు దింపేది డ్రైవర్నే," అన్నాడు. "తిలాపాపం తలా పిడికెడంటారు. మీవాళ్ళు మొత్తం ఒక్కడి పిడికిట్లోనే పోసినట్టున్నారు."

"రేపు సంతకం నాదీ కావాలి ఆ నివేదిక మీద. పెట్టను."

"పెట్టకు." దారం పంటితో తెంపాడు. "కానీ ముందు నీ బండి బ్రేకులు చూసుకుని వెళ్ళు. వాళ్ళూ చూసే ఉంటారు."

*

గురువారం ఆమె రెండు కాగితాలు అచ్చు తీసుకుని మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఒకటి తన పాత నోట్సులోది. రెండోది భాండాగారంలోది. రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టింది.

మేనేజరు చూడలేదు. "అక్కా, కూర్చోండి. ఇదిగో నివేదిక. ఐదింటిలోగా ఆస్పత్రికి పోవాలి. ఒప్పందం ప్రకారం నా సంతకం, మీ సంతకం."

నివేదిక అరపేజీ. 'సదరు ఉద్యోగి తగిన పరిశీలన లేకుండా ఆదేశాన్ని అమలు చేయుట వలన' అని ఉంది. చివర 'సదరు ఉద్యోగిని తొలగించడమైనది' అని ఉంది.

"ఆయన పేజీలో ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. పేజీలో తేదీ లైను లేదు. హెచ్చరిక లేదు. అవి నేను రాశాను, ఎవరో తీసేశారు."

"ఎవరో కాదు. దిద్దేవాళ్ళకి నేనే చెప్పాను. కాపీ చేస్తే వెంటనే నడవాలి, ఖాళీలు ఉండకూడదు, చీపుర్లూ చేటలూ ఉండకూడదు. నోట్సంటే మీరు వంటింట్లో తోడికోడలికి చెప్పినట్టు రాశారక్కా. బయటివాళ్ళు చూస్తే నవ్వరా?"

"నవ్వితే నవ్వారు. నవ్వుకుంటూ అయినా చదివేవాళ్ళు."

"సరే." అతను ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. గెలిచిన ముఖం కాదు అతనిది. ఇబ్బందిగానే ఉంది. "ఇది కూడా చూడండి మరి."

భాండాగారం వెనక ఉండే పట్టిక అది. ఎవరు ఎప్పుడు ఏం చేశారో అందులో ఉంటుంది. దిద్దిన నోట్సు: రెండువందల పన్నెండు. సరిచూసి ఆమోదించినవారు అన్న చోట ఆమె ఐడీ ఉంది. పోయిన నెల పద్నాలుగో తారీకు, సాయంత్రం నాలుగూ పన్నెండు. తెరిచి ఉంచిన సమయం: పదకొండు సెకన్లు.

అక్క ఆ తారీకు మళ్ళీ చదివింది. గుర్తుకొచ్చింది. ఆ సాయంత్రం వచ్చిన మెయిల్, దాని అడుగున ఆకుపచ్చ బొత్తాం. మీ నోట్సే కదా, ఊరికే ఒకసారి నొక్కండి అన్నారు. తన నోట్సే కదా అని నొక్కింది. ఏదో పని మధ్యలో, తలకూడా పూర్తిగా తిప్పకుండా.

పదకొండేళ్ళ నోట్సు. పదకొండు సెకన్లు.

"నేనిది ఎవరికీ చూపించను," అన్నాడు మేనేజరు. "మీరు ఆ కాగితాలు చూపించకండి. మీ పేరు రాకుండా చూసే పూచీ నాది. ఆయన ఎలాగూ పరీక్షాకాలంలో ఉన్నాడు. ఇంకోచోట చూసుకుంటాడు."

ఆమె బల్లమీది రెండు కాగితాలూ ఒకదానిమీదొకటి పెట్టింది. వచ్చేటప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో గుర్తొచ్చి సిగ్గేసింది. చేతిలో కాగితాలు పట్టుకుని, తప్పంతా అవతలివాళ్ళదే అన్న ధీమాతో మెట్లు కూడా చకచకా ఎక్కింది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. ఆ వెళ్ళిపోవడం ఎంత సులువో కూడా కనబడింది. ఇంకో పదకొండు సెకన్ల పని.

"ఈ ల్యాప్‌టాప్ ఒక్క నిమిషం ఇలా ఇవ్వండి," అంది.

నివేదికలో ఉన్నదంతా చెరిపి, మొదటి వాక్యం కొట్టింది. 'దిద్దిన రెండువందల పన్నెండు నోట్సును సరిచూసే బాధ్యత నాది. వాటిని చదవకుండా పదకొండు సెకన్లలో ఆమోదించాను.' తర్వాత, ఖాళీలు, హెచ్చరికలు తీసేయమన్న నియమం ఎవరిదో రాసింది. తీసేసిన లైనూ, మూడు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు దింపింది. తర్వాత, ఆ పేజీని నమ్మి ఒక ఉద్యోగి అందులో ఉన్నది అమలు చేశాడనీ, ఎన్ని పోతాయో ముందు లెక్క చూసుకోలేదనీ, తప్పు కనబడ్డ క్షణంలో ఆపి చెప్పాడనీ రాసింది. చివర, బుధవారం నాలుగు గంటలు కుర్చీ కోసం కూర్చున్న రోగి సంగతి.

మేనేజరు చదివి లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఇది నేను పంపను."

"పంపకండి. నేను సంతకం పెట్టేది దీనిమీదే."

"మీకు మెమో వస్తుంది. ఇంక్రిమెంటు ఆగుతుంది. తెలుసా?"

"రానివ్వండి. తప్పు చేసినదానికే కదా వచ్చేది."

"నా సంగతో? పైవాళ్ళు నన్నడగరా?" ఆ మాట అన్నప్పుడు అతని గొంతు మొదటిసారి కిందికి దిగింది. "నాకూ ఇల్లుంది. ముగ్గురు తినేవాళ్ళున్నారు."

"ఆయనకి నలుగురున్నారు," అంది అక్క. "మీ నియమం తప్పని నేననలేదు బాబూ, మీదని రాశాను. నాది నాదని రాసినట్టే. మీకు సమాధానం ఉంటే కింద మీరూ రాయండి, నేను చెరపను."

నాలుగయింది. నాలుగున్నరయింది. అక్క తన బల్ల దగ్గర కూర్చుని, మిగిలిన మార్పులు సరిచూస్తూ ఉంది. పక్క బల్ల సరేగారు రెండుసార్లు ఏదో అడగబోయి మానేశాడు. ఎవరేమన్నా సరే అనడం తప్ప ఇంకో మాట ఎరగని మనిషి కనక ఆయనకా పేరు స్థిరపడింది. ఐదుకి ఎనిమిది నిమిషాలుండగా ఆమెకి సంతకం చెయ్యమని ఒక కాగితం తెరమీద కనబడింది. విప్పి, ఈసారి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. తను రాసిందే. ఒక్క కామా కూడా మారలేదు. కింద అతను ఏమీ రాయలేదు. సంతకం మాత్రం ఉంది.

ఆమె పెట్టింది.

*

మెమో శుక్రవారమే వచ్చింది. ఆరు నెలల పాటు ఆమె దేన్నీ ఆమోదించరాదు. ప్రెస్సాయన ఉద్యోగం పోలేదు. పరీక్షాకాలం మూడు నెలలు పెరిగింది. మేనేజరుకి పైనుంచి ఏమొచ్చిందో ఎవరికీ తెలియదు, అతను మాత్రం ఆ రోజంతా ఫోను చెవిన పెట్టుకోకుండా తిరిగాడు. ఆస్పత్రివాళ్ళు ఒకే ఒక షరతు పెట్టారు. రెండువందల పన్నెండు నోట్సూ మళ్ళీ సరిచూసేదాకా ఆ భాండాగారం మూసి ఉంచాలి.

సోమవారం పొద్దున మేనేజరు ఆ ఆమోదించే అధికారం సరేగారికి ఇచ్చాడు. ఎందుకు ఆయనకే ఇచ్చాడో అందరికీ తెలుసు. పాతవాక్యాలన్నీ తిరిగి పెట్టించేశాం, మధ్యాహ్నానికల్లా అయిపోవాలి అన్నాడు.

"సరే సార్," అన్నాడు సరేగారు.

తర్వాత అచ్చుయంత్రం దగ్గరికి వెళ్ళి గంటసేపు అక్కడే నిలబడ్డాడు. కట్ట పట్టుకుని వచ్చి ప్రెస్సాయన పక్కన కుర్చీ లాక్కున్నాడు. "మీ అచ్చాఫీసులో ప్రూఫు ఎలా చూసేవాళ్ళండీ?"

"ఒకడు పైకి చదువుతాడు. ఇంకొకడు చూస్తాడు. చదివేవాడు చుక్కా కామా కూడా చదవాలి. చూసేవాడు ఆపమన్నచోట ఆగాలి."

"అయితే మీరు చదవండి."

ప్రెస్సాయన కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టాడు. కోడు, బ్రాకెట్టు, ఖాళీ, కొటేషను గుర్తు, అన్నీ. మొదట్లో చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. పదో నోట్సుకి నవ్వడం ఆపి వింటున్నారు. పదిహేనోదానికి ఒకమ్మాయి తన కుర్చీలోంచే, "అది పాత పద్ధతండీ, ఇప్పుడలా లేదు," అంది. సరేగారు పెన్సిలుతో రాసుకున్నాడు.

పన్నెండున్నరకి మేనేజరు వచ్చి నిలబడ్డాడు. "ఎంతవరకు వచ్చింది?"

"ముప్ఫై ఏడు సార్."

"మధ్యాహ్నానికి అయిపోవాలన్నాను కదా?"

సరేగారు తల గీరుకున్నాడు. మెడ ఎర్రబడింది. "చదువుతున్నాం సార్," అన్నాడు. "చదవకుండా నొక్కలేను. కావాలంటే ఇంకెవరికైనా ఇవ్వండి."

మేనేజరు గది అంతా చూశాడు. తలలన్నీ తెరలమీదికి వంగి ఉన్నాయి. ఎవరూ చెయ్యెత్తలేదు. అతను వెళ్ళలేదు. అక్కడే గోడకి ఆనుకున్నాడు.

ప్రెస్సాయన కాగితం తిప్పాడు. "ముప్ఫై ఎనిమిది. పుట్టిన తేదీ నుంచి రోగి వయసు. ఈ సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసివెయ్యి, సెమికోలను." కింద చిన్న వాక్యం చదివాడు. "ఇందులో భయపడాల్సిందేమీ లేదు, కళ్ళు మూసుకుని వాడుకో, చుక్క."

"ఆగండి," అన్నాడు సరేగారు. పెన్సిలు గాల్లోనే ఆగింది. చాలాసేపు కాగితం చూసి, చూసి, మొహమాటంగా వెనక్కి తిరిగాడు. "అక్కా, ఏమీ అనుకోకండి. ఆ ఏడాది పుట్టినరోజు ఇంకా రాకపోతే, ఇది ఒక ఏడాది ఎక్కువ చూపిస్తుంది కదా?"

అక్క ఆ నోట్సు రాసింది మొదటి ఏడాదిలో. పదకొండేళ్ళలో దాన్ని కాపీ చేసుకోనివాళ్ళు ఈ ఆఫీసులో లేరు. ఆమె వేళ్ళమీద ఒకసారి లెక్క వేసుకుంది. ఇంకోసారి వేసుకుంది.

"చూపిస్తుంది," అంది.

లేచి, తన కుర్చీ వాళ్ళ బల్ల దగ్గరికి ఈడ్చుకుంటూ వచ్చి, ఇద్దరి మధ్యా సర్దుకుని కూర్చుంది. సరేగారి చేతిలోంచి పెన్సిలు తీసుకుని ఆ చివరి వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది.

"మళ్ళీ మొదట్నుంచి చదవండి అన్నయ్యగారూ," అంది. "ఒకటో నంబరు నుంచి. నేనూ వింటాను."